పద్దెనిమిది నిండిన మర్నాడు



తల్లీతండ్రీ లేని ఆడపిల్లల కోసం మన ట్రస్టు నడిపే హోమ్‌కు రాబోయే ఇరవై అయిదేళ్ల ప్రణాళిక ఎట్లా ఉండాలో ఈ స్మారకోపన్యాసంలో చెప్పమని ట్రస్టు సభ్యులు అడిగారు. ప్రణాళిక అనగానే మన చేతికి ముందుగా అందేది భవనం నక్షా. పైన ఇంకో అంతస్తు వేద్దాం, ఇంకో యాభై మంచాలు వేయిద్దాం, వంటశాల పెద్దది చేద్దాం అంటాం. ఈ సాయంత్రం నేను ఆ నక్షాను పక్కన పెట్టి ఒక్క రోజు గురించి మాట్లాడదలిచాను. ఇక్కడ పెరిగిన పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఆ మర్నాడు రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? సంచిలో ఏ కాగితాలుంటాయి? జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేస్తుంది? ఈ మూడింటికి జవాబు దొరికిన తర్వాతే మిగతా ప్రణాళిక. నా మాటంతా ఇదే.

ఈ నిజామాబాద్ ప్రాంతంలో మనం దేన్నైనా శాశ్వతమని నమ్మి మోసపోయిన అనుభవం ఉన్నవాళ్లం. మంజీర నది మీద నిజాంసాగర్ జలాశయం కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నీళ్లొచ్చాయి, నీళ్ల వెంట చెరకు వచ్చింది, చెరకు వెంట 1938 నాటికి బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. శక్కర్‌నగర్ అని ఒక ఊరే వెలిసింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, సైరన్ కూతతో లేచే ఇళ్లు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు అదే గేటులోకి వెళ్లిన కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ లేని రోజు కోసం ఎవరూ ఏర్పాటు చేసుకోలేదు. అంత పెద్ద సంస్థే అట్లా పోయింది కనుక, మనలాంటి చిన్న సంస్థ ముందుచూపుతో ఉండక తప్పదు.

చెరకు తగ్గిన పల్లెల్లో ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు, ఆడవాళ్ల చేతిలో బీడీ మిగిలింది. మన హోమ్‌ల తలుపు తట్టే పిల్లలు ఎక్కువగా ఈ ఇళ్ల నుంచే వస్తారు. అనాథల హోమ్ అన్నా, వాళ్లలో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు, లేదంటే అమ్మమ్మో నాయనమ్మో ఉంటుంది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో చనిపోయి ఉంటాడు. తల్లి జబ్బు మనిషో, మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందో. పిల్ల ముసలమ్మ దగ్గర ఉంటుంది. ఆ ముసలమ్మ పొద్దున్నే అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తడిపిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పెడుతుంది. కూలి లెక్క వెయ్యి బీడీలకు. చూపు తగ్గిన కొద్దీ వెయ్యి పూర్తి కాదు. అప్పుడు బడి నుంచి వచ్చిన మనవరాలు పక్కన కూర్చుని బీడీల మూతులు మలుస్తుంది. ఆ పిల్ల చూపుడువేలి గోరు మీద చిన్న మచ్చ పడుతుంది. ఆరో తరగతికి వచ్చేసరికి ముసలమ్మ ఎవరో చెప్పగా విని పిల్లను తీసుకుని మన గేటు దగ్గరికి వస్తుంది. “నాకేమన్నా అయితే ఈ పిల్ల ఎట్ల? మీరు ఉంచుకోండి” అంటుంది.

మనం ఉంచుకుంటాం, మంచి మనసుతోనే. ఒక మంచం నిండుతుంది, వార్షిక నివేదికలో ఒక సంఖ్య పెరుగుతుంది. కానీ ఆ పిల్లకు కావలసింది మంచమా? ఆ ముసలమ్మకు నెలకు కొంత ఆసరా ఉంటే, పిల్ల తన ఊరి బడిలోనే, తన వాళ్ల మధ్యనే పెరిగేది. ఇది నా సొంత కవిత్వం కాదు. పిల్లను సంస్థలో ఉంచడం చివరి దారి కావాలని 2015 బాలల న్యాయ చట్టమే చెబుతుంది. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. వితంతువైన తల్లి దగ్గరున్న పిల్లకూ, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథకూ అది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెలో ఏటా 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. అరుగు మీద బీడీ చుట్టే ముసలమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? మరణ ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ జత చేసి జిల్లా బాలల పరిరక్షణ విభాగం దాకా ఆమెతో ఎవరు నడవాలి? మన ట్రస్టు నడవాలి. అందుకని ప్రణాళికలో నేను అడిగే మొదటి ఖర్చు ఇటుకలకు కాదు. ఊళ్లు తిరగగల, ఆఫీసుల్లో మాట్లాడగల ఒక అమ్మాయిని జీతమిచ్చి పెట్టండి. ఆమె ఏడాదికి ఇరవైమంది పిల్లలు ఇక్కడికి రావలసిన అవసరం లేకుండా చేయగలిగితే, అది ఇరవైమందిని చేర్చుకోవడం కన్నా పెద్ద సేవ.

“అట్లయితే మన మంచాలు ఖాళీ అవుతాయి కదా” అని ఒక సభ్యుడు నన్ను అడిగారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. దానికి జవాబు మన జిల్లాలోనే ఉంది.

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ దారిలో డిచ్‌పల్లి వస్తుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి తెరిచింది. భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషనరీ. ఆమెకు డబ్బిచ్చి నిలబెట్టినవారు నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్. వేరే మతం మనిషి, వేరే దేశం మనిషి అని చూడకుండా మన ఊరి పెద్దమనిషి చేసిన దానం అది. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చిందంటే ఊరు వెలేసేది. కనుక ఆసుపత్రి అంటే ఊరే. రోగులు అక్కడే ఉండి, అక్కడే పనిచేసుకుని, ఏళ్లకేళ్లు అక్కడే బతికేవాళ్లు. చౌల్‌మూగ్రా జాతి నూనె ఇంజెక్షన్లు తప్ప గట్టి మందు లేదు. తర్వాత మాత్రలు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందుల కలయికతో చికిత్సను సిఫార్సు చేసింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక్క రోగి కన్నా తక్కువ స్థాయికి వచ్చామని ప్రకటించుకున్నాం. రోగి ఇంట్లోనే ఉండి, మాత్రల అట్ట చేత్తో పట్టుకుని, తన పని తాను చేసుకోవచ్చు. వార్డు అవసరం తగ్గింది. వార్డు నిండి ఉండటమే సంస్థ విజయమని కెర్ దంపతుల తర్వాతి వాళ్లు పట్టుబట్టి ఉంటే, ఎవరికి మేలు? మంచం ఖాళీ అయిందంటే ఎవరో ఇంటికి వెళ్లారని అర్థం. మన హోమ్‌నూ ఆ కంటితో చూడమని ప్రార్థన.

పిల్లకు మంచం కన్నా కుటుంబం ఎందుకు మేలో తెలియాలంటే, రుమేనియాలో 2000 ప్రాంతంలో మొదలైన ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. బుకారెస్ట్ అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసివాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, మిగతావాళ్లతో పోల్చి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివి, మాట, మనసు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు ఇంకా బాగా తేరుకున్నారు. పసిబిడ్డను ఎంత శుభ్రమైన హాల్లో ఉంచినా, షిఫ్టులవారీగా మారే ఆయాలు ఒడిలో పెంచిన మనిషికి సాటి రారు. కనుక చిన్నపిల్లలు వస్తే మన దగ్గర దాచుకోకూడదు. ఎవరూ లేని బిడ్డ దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. దత్తత కుదిరే బిడ్డకు ఆ దారి తెరవాలి.

అయినా నిజంగా ఎవరూ లేని పిల్లలుంటారు. ఇల్లు ఉన్నా ఆ ఇంట్లో ఉండటమే ప్రమాదమైన ఆడపిల్లలుంటారు. వాళ్లకు ఈ హోమ్ కావాలి, రేపూ కావాలి. వాళ్ల కోసం పెద్ద హాలును విడగొట్టి, ఎనిమిది పదిమందికి ఒక చిన్న ఇల్లులాగా, ఒక్కో ఇంటికి ఏళ్ల తరబడి మారని ఒక అమ్మను పెడితే చాలు. మారని అమ్మ కావాలంటే ఆమెకు గౌరవంగా బతికే జీతం, పీఎఫ్, వారానికో సెలవు కావాలి. మన హోమ్‌లలో అతి తక్కువ జీతం అందుకునేది పిల్లలకు అందరికన్నా దగ్గరగా ఉండే మనిషే. ఇది సరిదిద్దకుండా ఏ ప్రణాళికా నిలవదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన రోజుకు వస్తాను.

మన రిజిస్టరు తెరిచి చూడండి. చాలామంది పిల్లల పుట్టినరోజు జూన్‌లోనే ఉంటుంది. బడిలో చేర్చిన నాడు ఎవరో ఏదో తేదీ వేస్తారు. వయసు తేల్చాల్సి వస్తే చట్టం ముందుగా చూసేది బడి రికార్డునే. అంటే ఒక గుమాస్తా తోచి వేసిన తేదీ, పన్నెండేళ్ల తర్వాత ఒక పిల్లను గేటు బయట నిలబెడుతుంది. అప్పటికి ఆమె ఇంటర్ ఫలితం వచ్చి ఉంటుంది. జీఎన్ఎం నర్సింగ్ మూడేళ్లు, నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీలో డిగ్రీ మూడేళ్లు. చదువు మొదలవ్వాల్సిన నెలలోనే గూడు పోతుంది.

మన ఇళ్లల్లో ఎవరమైనా పద్దెనిమిది నిండిందని కూతుర్ని సంచి సర్దుకోమంటామా? ఆ వయసుకు ఎవరమూ పూర్తిగా నిలదొక్కుకోలేదు. చట్టానికీ ఆ సంగతి తెలుసు. హోమ్ నుంచి బయటికెళ్లే పిల్లకు 21 ఏళ్లు వచ్చేదాకా, తప్పనిసరి పరిస్థితుల్లో ఇంకో రెండేళ్ల దాకా తదనంతర సంరక్షణ ఇవ్వవచ్చని నిబంధనలున్నాయి. కొవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం 2021లో పీఎం కేర్స్ పథకం పెట్టినప్పుడు, 10 లక్షల రూపాయలు చేతికందే వయసు 23గా నిర్ణయించారు. పద్దెనిమిదికి చెయ్యి వదలకూడదని సర్కారే ఒప్పుకున్నట్టు. మరి మన ట్రస్టు నియమావళిలో పద్దెనిమిది తర్వాత అన్న అధ్యాయమే ఎందుకు లేదు?

కాగితాల సంగతి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే ఇది డబ్బు లేకుండా రేపే చేయగల పని. పదేళ్ల లోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసుకునేవాళ్లెవరూ లేక, సర్కారు నడిపే లేదా గుర్తించిన అనాథాశ్రమంలో చేరిన పిల్లలను మన రాష్ట్రంలో బీసీ-ఏ కింద చేర్చారు. కాలేజీ సీటుకూ ఉద్యోగానికీ ఆ బీసీ-ఏ పత్రం పనికొస్తుంది. ఆశ్రమానికి గుర్తింపు లేకపోతే పిల్లకు ఆ హక్కు చిక్కుల్లో పడుతుంది. బాలల న్యాయ చట్టంలోని 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలని మనం విసుక్కుంటాం. అది ఆఫీసు వాళ్ల తృప్తి కోసం చేసే పనిగా చూడకండి, అందులో పిల్ల ఉద్యోగం ఉంది. ప్రతి పిల్లకూ పదో తరగతిలో అడుగుపెట్టేసరికి ఒక ఫైలు ఉండాలి. ఆధార్, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు, కుల పత్రం, తన పేరున బ్యాంకు ఖాతా అందులో ఉండాలి. ఆ ఫైలులో ఏముందో పిల్లకు చదివి వినిపించాలి. బయటికెళ్లిన మొదటి ఏడాది ఏ పిల్లకైనా “అడ్రసు ప్రూఫ్ ఏది?” అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఇన్నేళ్లు పెరిగిన ఇంటి అడ్రసు ఇక తనది కాదని ఆమెకు అప్పుడే మొదటిసారి అర్థమవుతుంది.

ఇక పెళ్లి. నొప్పించినా చెప్పాలి. మంచి సంబంధం చూసి, హాలు అలంకరించి, పుస్తె మెట్టెలు పెట్టి, సర్కారు కల్యాణలక్ష్మి సాయానికి దరఖాస్తు పెట్టి ఒక పిల్లను పంపించామంటే మన బాధ్యత తీరిందని ఊపిరి పీల్చుకుంటాం. పెళ్లి వద్దని నేననను. కానీ పంతొమ్మిదేళ్ల పిల్ల పెళ్లికి ఒప్పుకుంటున్నది ఆ అబ్బాయి నచ్చా, వేరే గూడు లేకా అని మనం ఎన్నడైనా ఆరా తీశామా? వేరే దారి లేనప్పుడు చెప్పిన “సరే”ను సమ్మతిగా లెక్క వేయకూడదు. ఆమె చేతిలో చదువూ, నాలుగు నెలల జీతమూ, వెనక్కి రావడానికి ఒక తలుపూ ఉన్న తర్వాత చెప్పే “సరే” కోసం ఆగుదాం. పెళ్లయిన పిల్లకు కూడా ఆ తలుపు మూయకూడదు. పుట్టిల్లు ఉన్న ఆడదాన్ని అత్తింటివాళ్లు చూసే తీరు వేరు, లేనిదాన్ని చూసే తీరు వేరు. ఈ మాట సభలో ఉన్న ఆడవాళ్లకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. నిజాంసాగర్ కట్టిన నాడు అందులో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేవి. మంజీర మోసుకొచ్చిన మట్టి అడుగున పేరుకుని, 1970ల నాటికి అది 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. పైకి చూస్తే అదే కట్ట, అవే గేట్లు. మన మూలనిధి కూడా అట్లాగే పూడుతున్నది. 50 లక్షలు బ్యాంకులో వేశాం, 7 శాతం వడ్డీకి ఏడాదికి మూడున్నర లక్షలు వస్తుంది, అంతా ఖర్చు పెడుతున్నాం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, పన్నెండేళ్లలో ఆ 50 లక్షలకు కొనే శక్తి సగమవుతుంది. విలువ నిలబెట్టాలంటే ఏటా 3 లక్షలు తిరిగి అసలులో కలపాలి, మిగిలేది యాభై వేలు. పైగా ట్రస్టు ఆదాయంలో 85 శాతం సాధారణంగా అదే ఏడాది ఖర్చు చేయాలని ఆదాయపు పన్ను నియమం. కనుక మేలైన దారి ఒకటుంది. దాత ఇచ్చేటప్పుడే “ఇది మూలనిధికి” అని రాసివ్వమని అడగాలి. అట్లా రాసిచ్చినదాన్ని విడిగా పెట్టుబడి పెట్టి పెంచుకోవచ్చు.

దాతలకు చేతులు జోడించి ఒక మాట. మీ పిల్లల పుట్టినరోజున ఇక్కడికొచ్చి బిర్యానీ పెడతారు, కేకు కోస్తారు, మా పిల్లల చేత పాట పాడించి ఫొటోలు దిగుతారు. మీ ప్రేమను నేను శంకించను. కానీ ఆ సాయంత్రం ఆ పిల్లలు ఎలా కూర్చుంటారో దగ్గరగా చూడండి. నవ్వమన్నప్పుడు నవ్వుతారు, పళ్లెం పట్టుకోమన్నప్పుడు పట్టుకుంటారు. తన పుట్టినరోజు ఎప్పుడో తెలియని పిల్ల వేరొకరి పుట్టినరోజుకు చప్పట్లు కొడుతుంది. ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగి ఆమె బడిలో ఎవరి ఫోన్‌లోనో తేలుతుంది. ఇలాంటి పిల్లల ముఖం, పేరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం కూడా. ఆ భోజనానికి పెట్టే డబ్బే ఇవ్వండి, కాని కరెంటు బిల్లుకు, శానిటరీ ప్యాడ్లకు, నర్సింగ్ కాలేజీ ఫీజుకు ఇవ్వండి. శిలాఫలకం మీద మీ పేరు చెక్కించడానికి వీలుపడని ఖర్చులివి. అందుకే ఎవరూ ఇవ్వరు, అందుకే అడుగుతున్నాను.

చివరికి, ఇదంతా ఎవరి చేతుల్లో ఉండాలి? వీరేశలింగం పంతులు 1906లో రాజమండ్రిలో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తి దానికి రాసిచ్చారు. అంతటి మనిషి కట్టిన సంస్థ కూడా కాలక్రమంలో దేవాదాయ శాఖ అజమాయిషీలోకి వెళ్లింది. స్థాపకుడి ఆశయం పత్రంలో ఎంత స్పష్టంగా ఉన్నా, దాన్ని సొంతమనుకునే మనుషులు తరం తరంగా లేకపోతే ఆస్తి మిగులుతుంది, ఆశయం మిగలదు. హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఆరో నిజాం కాలం నాటి విక్టోరియా మెమోరియల్ హోమ్ అనే అనాథాశ్రమం ఉంది. దాని స్థలంలో కొంత పోలీసు కమిషనరేట్‌కు ఇవ్వాలన్నప్పుడు అడ్డు నిలిచి పోరాడినవాళ్లు అక్కడ పెరిగి వెళ్లిన పూర్వ విద్యార్థులు. ఆ నేల వాళ్లకు ఇల్లు, అందుకే కొట్లాడారు. మన స్థలం కూడా ఇప్పుడు రోడ్డు పక్కన విలువైన స్థలం. దాన్ని కాచేది ఎవరు?

మన ట్రస్టు బోర్డులో వ్యాపారులున్నారు, రిటైరైన ఆఫీసర్లున్నారు, డాక్టర్లున్నారు. ఇక్కడ పెరిగిన ఆడపిల్ల ఒక్కతి కూడా లేదు. వాళ్లలో నర్సులైనవాళ్లున్నారు, టీచర్లున్నారు, ఇద్దరు పిల్లల తల్లులున్నారు. తొమ్మిది సీట్లలో ఇద్దరిని ఈ ఏడాదే కూర్చోబెట్టండి. అతిథులుగా పిలవకండి, చెక్కు మీద సంతకం పెట్టే అధికారంతో పిలవండి. పదేళ్లలో ఆ ఇద్దరు అయిదుగురు కావాలని నియమావళిలో రాయండి. అన్నం చల్లారితే ఎట్లుంటదో, రాత్రి బాత్రూం దగ్గర లైటు లేకపోతే ఎట్లుంటదో, పద్దెనిమిది నిండే నెలలో నిద్ర ఎందుకు పట్టదో వాళ్లకు తెలుసు. మనం చదివి తెలుసుకున్నాం, వాళ్లు బతికి తెలుసుకున్నారు.

పై అంతస్తుకు కూడబెట్టిన డబ్బు గురించి వచ్చే సమావేశంలో నిర్ణయం ఉందని విన్నాను. నా విన్నపం చాలా చిన్నది. అందులో కొంత తీసి నిజామాబాద్‌లో ఒక కిరాయి ఇల్లు చూడండి. ఆరుగురు అమ్మాయిలకు సరిపోయే ఇల్లు, గిరిరాజ్ కాలేజీకి నడిచి వెళ్లేటట్టు, తెలంగాణ యూనివర్సిటీకి పోయేవాళ్లు డిచ్‌పల్లి బస్సు ఎక్కేటట్టు. ఇంటివాళ్లు “మగదిక్కు ఎవరు?” అని అడుగుతారు. ట్రస్టు పెద్దలే వెళ్లి మాట్లాడాలి. పదకొండు నెలల ఒప్పందం మొదటిసారి ట్రస్టు పేరున రాయించండి. రెండోసారి రాయించేటప్పుడు ఆ ఆరుగురిలో ఇద్దరి పేర్లు కూడా చేర్చండి, వాళ్ల అడ్రసు ప్రూఫ్ అదే అవుతుంది. అడ్వాన్సు మొత్తం మార్చి చివరికల్లా పక్కన పెట్టాలి. ఇంటర్ పరీక్షలు అప్పటికి అయిపోతాయి, జూన్ పుట్టినరోజులకు రెండు మూడు నెలల వ్యవధే ఉంటుంది.